సిపాయికి నేను కట్టిన కట్లు

మా నాయిన పేరు పర్వతాలు. నూట అరవై జీవాల్లో ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో, దాని తల్లి ఏ ఏడు ఏ చెలకలో ఈనిందో అడిగీ అడగకముందే చెప్తాడు. నేను డిగ్రీ ఏ సంవత్సరంలో మానేశానో అడిగితే మాత్రం అమ్మ ముఖం చూస్తాడు. ఒకసారి మండల ఆఫీసులో సారు మీ కొడుకు ఏం చదివాడని అడిగితే, పెద్ద చదువే అన్నాడు. అప్పటికి నేను పాలమూరులో బీఎస్సీ రెండో ఏడు మధ్యలో వదిలేసి, హైదరాబాదులో ఎనిమిది నెలలు ఇంటింటికీ బిర్యానీ పొట్లాలు మోసి, అదీ వదిలేసి ఇంట్లో పడుకుని ఉన్నాను.

మాది నారాయణపేట నుంచి మక్తల్ పోయే దారిలో రోడ్డు పక్క ఊరు. మేం కురుమలం. నాయిన పదేళ్ళప్పుడు మంద వెంట నడవడం మొదలుపెట్టాడు, ఇప్పుడు యాభై అయిదు. మధ్యలో ఆగింది లేదు. ఏటా పుష్యమాసం దాటి ఇక్కడి బీళ్ళు ఎండగానే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోతాడు. మళ్ళీ వానలు పడితే గానీ రాడు. నేను పుట్టినప్పుడు అక్కడే ఉన్నాడు. అయిదో తరగతిలో బడి గోడ మీద నుంచి పడి నా చెయ్యి విరిగినప్పుడూ అక్కడే ఉన్నాడు. నన్ను ఎత్తుకుని దవాఖానకు పోయింది మారయ్య కాక. ఆయన నాయినతో మందలో భాగస్థుడు. ఆ ఏడు జ్వరం వచ్చి ఊళ్ళో ఉండిపోయాడు కాబట్టి నా చెయ్యి సక్కగా అతికింది.

సిపాయి మా మంద కుక్క. నల్లటి ఒళ్ళు, మెడ కింద చారెడు తెలుపు. కూనగా ఉన్నప్పుడు తల్లి చస్తే నాయిన మేకపాలు పట్టి పెంచాడు. కుక్కను ఆయన అది అనడు, వాడు అంటాడు. వాడు తిన్నడా, వాడు పండిండా, వానికి ముల్లు గుచ్చినట్టుంది చూడు మారయ్య. నా సంగతి వచ్చినప్పుడు మాత్రం అమ్మతో "నీ కొడుకు" అంటాడు. ఒక కుక్క మీద మనిషి కుళ్ళుకుంటాడా అంటే, కుళ్ళుకుంటాడు. నేను కుళ్ళుకున్నాను.

2022 డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం కంది చేలోంచి అడవిపంది మంద మీదికి వచ్చింది. గొర్రెపిల్లలకూ దానికీ మధ్య సిపాయి నిలబడ్డాడట. పంది కోర వెనక తొడ మీద నుంచి పక్కటెముకల దాకా చీల్చింది. నేను ఆ సమయానికి రోడ్డు మీద చాయ్ హోటల్లో కూర్చుని ఉన్నాను. చెలకల్లోంచి నాయిన వస్తున్నాడు, భుజాల మీద ఏదో నల్లగా ఉంది. మేక అనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే సిపాయి. కడుపు చుట్టూ నాయిన తలగుడ్డ. నాయిన అంగీ అంతా నెత్తురు. రెండు మైళ్ళు అట్లా మోసుకొచ్చిన మనిషి నన్ను చూసి ఆటో ఆపమన్నాడు. నా చెయ్యి విరిగినప్పుడు ఫోన్లో "కట్టు కట్టిన్రా" అని ఒక్క మాట అడిగాడని అమ్మ చెప్పింది. నాకు ఆటోలో కూర్చున్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

నారాయణపేటలో పశువుల దవాఖాన డాక్టరు గంటన్నర సేపు ఆపరేషన్ చేశాడు. చెడిపోయిన కండ కోసేసి లోపల ఒక వరస, పైన ఒక వరస కుట్లు వేశాడు. సెలైన్ సీసా పట్టుకోమంటే నాయిన సిపాయి తల వదల్లేదు, నేనే పట్టుకున్నాను. పక్కన సాయం చేసింది అతియా మేడం. ముప్పై దాటిన మనిషి. ఆ దవాఖానలో సూదులు, కట్లు అన్నీ ఆమె చేతి మీదనే నడుస్తాయి. మంద దగ్గర దుమ్ము, పెంట ఉంటాయి, కుక్కను అక్కడికి తీసుకుపోవద్దు, ఇంట్లో ఉంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుండు కడగాలి అని డాక్టరు చెప్పాడు. ఎవరు చూస్తారని అతియా మేడం అడిగింది.

నాయిన నా వైపు చెయ్యి చూపించాడు. "లింగడున్నడు కదమ్మా. ఇంట్లనే ఉంటడు. వానికేం పని లేదు."

నాకు పని లేదన్న సంగతి ఊరికంతా తెలుసు. ఆమెకు తెలియాల్సిన అవసరం ఏముంది?

వచ్చే దారిలో నాయిన లెక్క చెప్పాడు. పుష్యమాసం పోయాక వచ్చే సోమవారం మంద కదలాలి. కృష్ణ ఒడ్డున తోడేళ్ళు తిరుగుతాయి, కుక్క లేకుండా పోతే గొర్రెపిల్లలు ఒక్కటీ మిగలవు. అంటే నెలన్నర. నెలన్నరలో సిపాయి లేచి నడవాలి. నాయిన అడిగింది అంతే. నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు. అప్పటికి నాకూ తెలియదు.

మొదటి రెండు రోజులు వాడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. గుర్రుమనేవాడు. పుండు నాకకుండా సున్నం బకెట్ అడుగు కోసి మెడకు తొడిగాను, దాన్ని గోడకేసి కొట్టుకున్నాడు. అమ్మ జొన్నరొట్టె పాలలో పిసికి పెడితే ముట్టలేదు. మూడో రోజు నేను పక్కన కూర్చుని అదే రొట్టె నేను తింటూ మధ్యమధ్యలో ముక్క విసిరాను. తిన్నాడు. ఆ సాయంత్రం కట్టు విప్పుతుంటే పళ్ళు చూపించాడు గానీ కరవలేదు. నాలుగో రోజు నా చెయ్యి నాకాడు. డిగ్రీలో ప్రాక్టికల్స్ చేసినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

అయిదో రోజు సాయంత్రం నాయిన ఇంటికి అన్నానికి వచ్చాడు. రోజూ చీకటి పడ్డాక వచ్చేవాడు, ఆ వేళకు సిపాయి మందుల మత్తులో నిద్రపోతుండేవాడు; ఆ రోజు తొందరగా వచ్చాడు. నాయిన వాకిట్లో నిలబడి నాలుకతో అంగిట్లో టక్ టక్మని కొట్టాడు. మందను మళ్ళించేటప్పుడు కుక్కను పిలిచే పిలుపు అది. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నవాడు బకెట్తో సహా లేచాడు. గడప దూకాడు. నాయిన రొమ్ము మీద రెండు కాళ్ళు వేసి మూలిగాడు, ఏడ్చాడు, ఉచ్చ పోశాడు. నాయిన నవ్వుతున్నాడు. నేను కింద చూస్తున్నాను. కట్టు తడుస్తోంది, ఎర్రగా.

పొద్దున దవాఖానకు తీసుకుపోతే పైవరస కుట్లు మొత్తం తెగాయన్నారు. మళ్ళీ కుట్టడానికి లేదు, అంచులు నిలవవు. ఇక పుండు తెరిచే ఉంటుంది, లోపలి నుంచి కండ దానంతటదే పూడుకుంటూ పైకి రావాలి అన్నాడు డాక్టరు. నాలుగు వేళ్ళు పట్టేంత గుంట అది. అతియా మేడం నాకు ఓపికగా చూపించింది. సెలైన్ నీళ్ళు ఎట్లా పొయ్యాలి, గుడ్డ ఎట్లా అద్దాలి, రుద్దకూడదు. మధ్యాహ్నం పూట ఒక గంట కట్టు విప్పి గాలి తగలనివ్వాలి. కింద శుభ్రమైన బట్ట ఉండాలి. ఎందుకు దూకాడని అడిగితే సంగతి చెప్పాను. కొన్నాళ్ళు ఆయన కుక్క కంట పడకుండా ఉంటే మంచిది, గొంతు కూడా వినబడొద్దు అంది.

ఆ మాట నేను ఇంటి దాకా బెల్లం ముక్కలాగ నోట్లో పెట్టుకుని వచ్చాను. నాయినకు చెప్పేటప్పుడు ముఖం బాధగా పెట్టుకున్నాను. ఎన్ని రోజులని అడిగాడు. మానేదాకా అన్నాను. సరే అని లేచి, పెరటి దారిన, చెప్పులు చేతిలో పట్టుకుని పోయాడు. ఆ రోజు నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు. ఊరికి మైలు దూరంలో బీడులో మందకు ముళ్ళకంప దొడ్డి కట్టుకుని అక్కడే ఉన్నాడు. అన్నం డబ్బా నేను పట్టుకుపోయి ఇచ్చేవాణ్ణి. తీసుకుంటూ ప్రతిసారీ ఒకే ప్రశ్న, వాడెట్లున్నడు. ఒక్కరోజైనా నువ్వెట్లున్నవురా అంటాడేమోనని చూశాను.

సిపాయి రెండు రోజులు తిండి మానేశాడు. తలుపు వైపే చూసేవాడు. ఆ సంగతి నాయినకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. మరుసటి రోజు డబ్బా తీసుకుని తన గొంగడి మడిచి నా చేతిలో పెట్టాడు. దాని మీద పండబెట్టు, నా వాసన ఉంటే పంటడు అన్నాడు.

మా ఇళ్ళలో గొంగడి అంటే ఏంటో తెలియనివాళ్ళకు చెప్పాలి. మా గొర్రెల నల్లబూరు, అంటే ఉన్ని, దానితోనే వడికి నేసింది. దాన్ని సబ్బు పెట్టి ఉతకరు, దులుపుతారు, ఎండకేస్తారు, అంతే. పుట్టిన బిడ్డను మొదట దాని మీదే పండబెడతారు. బీరప్ప పండుగకు దేవుణ్ణి కూడా దాని మీదే కూర్చోబెడతారు. ఇంట్లో మైల పడినా గొంగడికి మైల లేదంటారు. నేను చిన్నప్పుడు బడి నుంచి వచ్చి తడి కాళ్ళతో దాని మీద కూర్చుంటే నాయిన నన్ను చెయ్యి పట్టి లేపాడు. ఆ గొంగడి మీద ఇప్పుడు సిపాయి పడుకున్నాడు. ముక్కు దాని మడతలో దూర్చి నిట్టూర్చి, గిన్నె ఖాళీ చేశాడు.

రెండు పూటలా నెత్తురూ చీమూ కడిగేది నేను. ఉచ్చ తుడిచేది నేను. వాడు నిద్ర పోయేది మాత్రం నాయిన వాసన మీద. గొంగడిని పక్కకు లాగి నా దుప్పటి వేసి చూశాను. లేచి కుంటుకుంటూ పోయి మళ్ళీ గొంగడి మీదే పడ్డాడు.

పుండు మానలేదు. వారం పోయింది, పది రోజులు పోయాయి. గుంట అడుగున ఎరుపు రావాలని మేడం చెప్పింది. పచ్చగా, జిగటగా ఉండేది, వాసన వచ్చేది. కడిగితే ఒక పూట బాగుండేది, మళ్ళీ అంతే. డాక్టరు మందు మార్చాడు. బట్ట శుభ్రంగా ఉందా అని అతియా మేడం రెండుసార్లు అడిగింది. శుభ్రంగానే ఉందన్నాను. అబద్ధం చెప్పానని కాదు. గొంగడి అశుభ్రం అనే మాట మా ఇంట్లో ఎవరి బుర్రలోకీ రాదు, నాకూ రాలేదు. సైన్సు చదివినవాణ్ణి, అయినా రాలేదు. పుండులో నల్లటి వెంట్రుకలు కనిపించేవి. వాడి ఒళ్ళే నలుపు కదా, వాడివే అనుకుని వదిలేసేవాణ్ణి.

డిసెంబరు ఆఖర్లో తీసుకుపోయినప్పుడు మేడం కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూసింది. చిన్న పట్టకారుతో ఒక వెంట్రుక లాగింది. కండలో దిగబడి ఉంది. దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి, సిపాయి వీపు మీది వెంట్రుక ఇంకొకటి పక్కన పెట్టింది.

"చూడు తమ్మీ. గిది కుక్కది, సీదా ఉంది. గిది మెలి తిరిగింది. ఇదేడికెళ్లి వచ్చింది?"

నాకు చూడగానే తెలిసింది. కురుమ ఇంట్లో పుట్టినవాడికి బూరు తెలియకపోతే ఎట్లా? మొత్తం పదకొండు పోగులు తీసింది. ఒక్కొక్కటి తీస్తుంటే సిపాయి నా మణికట్టును నోట్లో పట్టుకున్నాడు, నొక్కకుండా. గాలి తగలనిద్దామని మధ్యాహ్నం కట్టు విప్పినప్పుడల్లా వాడు ఆ పక్కకే ఒరిగి గొంగడి మీద పడుకునేవాడు. గరుకు బూరు ఊడి ఊడి పుండులోకి పోయింది. ఒంట్లో ఒకటి దిగబడి ఉంటే కండ ఎట్లా పూడుతుంది అని మేడం అంది. కోప్పడలేదు. నూలు చీర ఉతికి, ఎండబెట్టి, రోజుకొకటి మార్చి వెయ్యమంది.

ఆ పోగుల్ని కాగితంలో చుట్టమని అడిగాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాయిన తప్పు మొదటిసారి నా చేతికి దొరికింది. సిపాయిని ఇంట్లో దింపి నేరుగా దొడ్డికి పోయాను, అన్నం డబ్బా కూడా లేకుండా. నాయిన, మారయ్య కాక గొర్రెల డెక్కలు చూస్తున్నారు.

"పుండు ఎందుకు మానుతలేదో దొరికింది నాయినా" అన్నాను.

ఆయన పట్టుకున్న గొర్రెను వదిలేసి లేచాడు. కాగితం విప్పి చూపించాను. "నీ గొంగడి బూరు. పదకొండు పోగులు తీసింది మేడం. వాని పుండును నీ గొంగడే తింటాంది."

"ఏం మాటలురా అవి గొంగడిని పట్టుకొని" అన్నాడు మారయ్య కాక.

నాయిన చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. ఒక పోగు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మనదే అన్నాడు. తీస్తుంటే వానికి నొచ్చిందా అని అడిగాడు. నొవ్వదా మరి అన్నాను. తీసెయ్యి, ఇయ్యాల్నే తీసెయ్యి అన్నాడు. పోగును మళ్ళీ కాగితంలో పెట్టి, గొంగడి లేకపోతే వాడు పంటడా అన్నాడు.

"నా పక్కన పంటడు."

ఆ మాట ఎంత గట్టిగా అన్నానో నాకే వినబడింది. నాయిన నా ముఖం చూశాడు. కొత్త పొట్టేలును మందలోకి తోలినప్పుడు చూసినట్టు, ఇది ఎటు పొడుస్తుందో అన్నట్టు చూశాడు. తర్వాత వంగి గొర్రె కాలు పట్టుకున్నాడు.

నేను గెలిచాను, కానీ అది గెలిచినట్టు లేదు. దారి దాకా వచ్చిన మారయ్య కాక ఊరుకోలేదు. ఈ చలిలో నీ నాయిన పదమూడు రోజుల సంది యూరియా సంచులు కప్పుకొని పంటున్నడు, ఎరుకనా అన్నాడు. నాకు జాలి కలగాల్సింది. నేను మాత్రం ఇట్లా అనుకున్నాను: హైదరాబాదులో నేను కార్డుబోర్డు అట్టల మీద పడుకున్నప్పుడు ఆయన గొంగడి ఎక్కడుంది?

ఆ సాయంత్రం గొంగడి తీసుకుపోయి దొడ్డి కంప మీద వేసి వచ్చాను. అమ్మ పాత నూలు చీరలు మూడు చింపి ఇచ్చింది. సిపాయి ఒక రోజంతా ఏడ్చాడు. నేను నేల మీద వాడి పక్కనే పడుకున్నాను, వాడి బకెట్ అంచు నా చెంపకు గుచ్చుకునేది. మూడో రోజు నా చంక కింద ముక్కు పెట్టి పడుకున్నాడు. ఇక అక్కణ్ణుంచి పుండు నా మాట వింది. అడుగున ఎరుపు వచ్చింది. దానిమ్మ గింజల్లాగ చిన్న చిన్న కండ వచ్చింది. నాలుగు వేళ్ళ గుంట మూడు వేళ్ళయింది, రెండయింది. రోజూ పొద్దున కట్టు విప్పేటప్పుడు నాకు పరీక్షల ఫలితాలు చూస్తున్నట్టు ఉండేది. జీవితంలో మొదటిసారి పాసవుతున్నాను.

నేను ఈల వేస్తే లేచేవాడు. వద్దంటే ఆగేవాడు. వాకిట్లో నాలుగు అడుగులు నా మడమ పక్కన నడిచేవాడు. చాయ్ హోటల్ దగ్గర వాళ్ళు నీ కుక్క ఎట్లుంది లింగా అని అడగడం మొదలుపెట్టారు. నాయిన కుక్క అని నేను సరిచెయ్యలేదు.

జనవరి పద్దెనిమిది, బుధవారం. అతియా మేడం పుండు చూసి బకెట్ తీసేయమంది. పెచ్చు రాలిపోయింది, కింద గులాబీ రంగు తోలు గట్టిగా ఉంది. ఇక మందకు పంపొచ్చు అంది. చేతులు కడుక్కుంటూ, నీ చేతిలో పనుంది తమ్మీ, ఇంత పెద్ద పుండు ఇంట్లో మాన్పినోళ్ళు తక్కువ అంది.

సాయంత్రం అన్నం డబ్బా అందుకుంటూ నాయిన అడిగాడు. ఇంకా తడి ఉంది అన్నాను.

నోట్లోంచి అట్లా వచ్చేసింది. గురువారం కూడా అదే చెప్పాను. శుక్రవారం అడగలేదు, నా ముఖం చూసి తల ఊపాడు. ఆయన వచ్చి చూస్తే అయిపోయేది. రాలేదు. గొంతు వినబడితే దూకుతాడని నేనే చెప్పాను కదా, ఆ మాట మీద నిలబడ్డాడు. నెల దాటింది ఆయన సిపాయిని చూసి. శనివారం మారయ్య కాక పక్క ఊరి నుంచి ఒక బక్క కుక్కను తెచ్చాడు, ఉన్నంతలో అదే నయమని. అది గొర్రెల్ని చూసి తోక ముడిచింది. ఆదివారం అమ్మ నా కంచంలో అన్నం పెడుతూ, కింద పడుకున్న సిపాయిని చూస్తూ అడిగింది.

"మాన్పింది నువ్వే, మానలేదనేది నువ్వే. గొర్రెపిల్లల్ని తోడేళ్ళు తింటే ఎవరిని కడుగుతవ్ రా?"

తినకుండా లేచాను.

సోమవారం పొద్దున మంద మా ఇంటి ముందు రోడ్డు మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. నేను సిపాయిని లోపల పెట్టి తలుపు మూసి కిటికీ దగ్గర నిలబడ్డాను. గంటల చప్పుడు కోసం చూస్తున్నాను. మేకపోతుల మెడలకు కంచు గంటలుంటాయి, అవి వలస పోతుంటే ఊరు ఊరంతా లేస్తుంది. చప్పుడు రాలేదు. మంద వచ్చింది. నూట అరవై జీవాలు గంటల సవ్వడి లేకుండా రోడ్డుకు అవతలి అంచున పోతున్నాయి. ముందర మేకపోతు మెడలో గంట ఉంది, గంట లోపల గుడ్డ కుక్కి ఉంది. రెండోదానికీ అంతే. మారయ్య కాక కట్టెను నేలకు తగలకుండా చంకలో పెట్టుకున్నాడు. చివర నాయిన. తలగుడ్డ నోటికి అడ్డంగా కట్టుకుని, మా ఇంటి వైపు చూడకుండా, తల వంచుకుని నడుస్తున్నాడు. పుండు పగలకూడదని.

వెనక్కి తిరిగాను. డెక్కల చప్పుడుకే సిపాయి చెవులు నిక్కాయి. ఒళ్ళు వణుకుతోంది. కానీ కదలలేదు. నా ముఖం చూస్తున్నాడు. పొమ్మంటావా అని. నెలన్నరగా నేను కోరుకున్నది అదే, నాయిన పక్క నుంచి పోతుంటే వాడు నా మాట కోసం ఆగడం. అది దొరికింది. దొరికాక దాన్ని పట్టుకుని నిలబడే బలం నాకు లేకపోయింది. తలుపు తీశాను.

వాడు ఒక్క ఉరుకు ఉరికాడు. నాయిన చూసి, సంతోషపడలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టి నేల మీద కూర్చున్నాడు. "ఉరకనియ్యకురా వాణ్ణి, పట్టుకో" అని నా మీద అరిచాడు. సిపాయి ఆయన తలగుడ్డ ఊడేలా మీద పడ్డాడు. నేను దగ్గరికి పోయేసరికి నాయిన వాడి తొడ మీద వేళ్ళతో తడుముతున్నాడు.

"మానింది నాయినా."

"ఎన్నడు?"

నిన్న అని చెప్దామనుకున్నాను. "బుధవారం" అన్నాను.

మారయ్య కాక ఏదో అనబోయాడు. నాయిన ఊకో అన్నాడు. మచ్చ మీద కొత్తగా మొలుస్తున్న వెంట్రుకలు బొటనవేలితో రాసి చూశాడు. తిట్టలేదు. లేచి తలగుడ్డ చుట్టుకుని, గంటల్లో గుడ్డలు పీకి పారేసి మందను అదిలించాడు. సిపాయి వెంట పోయాడు. యాభై అడుగులు పోయి ఆగాడు. వెనక్కి చూశాడు. నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి నాకి మళ్ళీ మంద దగ్గరికి పోయాడు. మళ్ళీ వచ్చాడు. నాయిన నాలుకతో టక్ టక్మని పిలిచాడు. వాడు రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

అప్పుడు నాయిన ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళుగా నేను పెట్టుకు తిరుగుతున్నదే.

"నెలరోజులు అన్నం పెడితే సరిపోతదా వీనికి" అని గొణిగాడు. మారయ్య కాకతో అన్నట్టు అన్నాడు గానీ నాకు వినబడాలనే అన్నాడు. నా కడుపు చల్లబడింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, అంత చల్లగా ఎప్పుడూ లేదు.

మంద చాలా దూరం పోతోంది. నాయిన నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, నా ముఖం చూడకుండా అన్నాడు. "నువ్వు నడువు. నువ్వు నడిస్తే వాడు నడుస్తడు."

ఇంట్లోకి పోయి చెప్పులు వేసుకుని వచ్చాను. రెండు రోజులు నడిచాను, మక్తల్ దాటి కాలువ గట్ల దాకా. ఆ రెండు రోజుల్లో నాయిన నాకేం నేర్పలేదు, నేనేం అడగలేదు. సిపాయి కాసేపు ఆయన పక్కన, కాసేపు నా పక్కన నడిచాడు. ఎవరి పక్కన ఎంతసేపు నడుస్తున్నాడో ఇద్దరం చూస్తున్నాం, చూడనట్టు. ఒకసారి నేను రొట్టెముక్క జేబులోంచి తీస్తే నాయిన గట్టిగా దగ్గాడు. ఇంకోసారి ఆయన వాడి చెవులు గోకుతుంటే నేను ఈల వేశాను. మారయ్య కాక మీ ఇద్దరికంటే ఆ జీవాలు నయం అన్నాడు.

రెండో రోజు సాయంత్రం ఒక గొర్రెపిల్ల కాలువ వైపు జారితే సిపాయి దాన్ని మళ్ళించడానికి పరుగు తీశాడు. కుంటు లేదు. ఇప్పుడు పో అన్నాడు నాయిన. గట్టు మీద ట్రాలీ పోతుంటే ఎక్కాను. కొంత దూరం పోయాక చూస్తే, వాడు తిరిగొచ్చి నేను నిలబడిన జాగా వాసన చూస్తున్నాడు.

మరునాడు పొద్దున నాయినకు ఫోన్ చేశాను. వాడెట్లున్నడని అడిగింది ఈసారి నేను. తిన్నడా అన్నాను.

"తిన్నడు."

"మొత్తమా?"

"మొత్తం. మారయ్య దాంట్ల కూడ ఇంత తిన్నడు."

ఆ గొంతులో దాచుకోలేని సంతోషం ఉంది. ఒక్క పూట, ఒకే ఒక్క పూట ముట్టకుండా ఉంటే వాడి సొమ్మేం పోయింది? సరే అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి దగ్గర నుంచి అమ్మ అడిగింది, తిన్నడంటనా అని.

"నిన్నటి సంది మెతుకు ముట్టలేదంట" అన్నాను.

అమ్మ అయ్యో బిడ్డా అంది.